నాన్న నాటిన గన్నేరు, ఇంటికి రాబోయే గుర్రం

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమె ఇంటి వెనక ఒకటిన్నర ఎకరం బీడు ఉంది. తండ్రి నుంచి వచ్చిన నేల, ఆమెకూ తమ్ముడికీ ఉమ్మడి. తమ్ముడు వేరే ఊళ్ళో ఉంటాడు, బాగోగులు చూసేది ఈమే. ఇరవై ఏళ్ళుగా అక్కడ ఆవులు మేస్తున్నాయి. ఇప్పుడు రెండే మిగిలాయి. చుట్టూ నాలుగు వరుసల ముళ్ళ తీగ, దారి వైపు మాత్రం అరవై అడుగుల పొడవున గన్నేరు దడి. ఆ దడి తండ్రి తన చేత్తో నాటింది. ఆయన పోయి రెండేళ్ళయింది.

పద్నాలుగేళ్ళ కూతురు మూడేళ్ళుగా స్వారీ నేర్చుకుంటోంది. అమ్మాయి రోజూ ఎక్కే తొమ్మిదేళ్ళ ఆడగుర్రాన్ని స్వారీ బడి వాళ్ళు అమ్మకానికి పెడితే, వెనకాముందూ చూసుకోకుండా ఈమె కొనేశారు. ఐదు వారాల్లో ఇంటికి తెచ్చుకోవాలి. టెన్షన్ అప్పుడు మొదలైంది. "ఆవులు మేసిన చోట గుర్రం మేయదా, కొత్తగా చేసేదేముంది" అంటారు భర్త. గన్నేరు గుర్రాలకు విషమని ఎవరో చెప్పగా, దడి తీసేద్దామా అని తమ్ముడిని ఫోన్‌లో అడిగారు. "నాన్న గుర్తుగా మిగిలింది అదొక్కటే. చేదు ఆకు గుర్రమే ముట్టదు. ఒక్క కొమ్మ నరికినా ఊరుకోను" అన్నాడట. అప్పటి నుంచి మాటల్లేవు. ఈ గొడవంతా ఎందుకు, ముప్పై అడుగుల తాడుతో బీడు మధ్యలో కట్టేయమని ఒక బంధువు సలహా. "అమ్మాయి క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఒకే తాడుకు మూడు ముడులు పడ్డాయి. బీడు గుర్రానికి పనికొస్తుందా అన్నది ఒకటి. నాన్నగారి దడి రెండోది. ఐదు వారాల గడువు మూడోది. మొదటిది పనిముట్లతో తీరుతుంది. రెండోదానికి మాట కావాలి. మూడోది అసలు ముడేనా అన్నది చివర్లో చూద్దాం. ముందే ఒక్క మాట చెబుతాను: మీరు ఒకటిన్నర ఎకరాన్నీ ఐదు వారాల్లో సిద్ధం చేయాలనుకుంటున్నారు కాబట్టి నిద్ర పట్టడం లేదు. అంత అవసరం లేదు.

మీవారి మాటతో మొదలుపెడతాను. ఆయన ఇరవై ఏళ్ళు చూసిందే చెబుతున్నారు, ఆవుల వరకు అది సరైనదే. కానీ ఆవుకు తీగ తగిలితే ఆగుతుంది, వెనక్కి తగ్గుతుంది. గుర్రం ముందు పరిగెత్తి తర్వాత ఆలోచిస్తుంది. బెదిరిన క్షణంలో పరుగే దానికి తెలిసిన రక్షణ. ఆ వేగంలో సన్నని తీగ దాని కంటికి ఆనదు. మోకాలి కింద గుర్రం కాలికి కండ ఉండదు, పల్చటి తోలు కింద నరాలూ ఎముకే. కాలు ముళ్ళ తీగలో పడితే ఆవులా నిలబడి ఎదురు చూడదు, లాగుతుంది. లాగిన కొద్దీ తెగుతుంది. అలా తెగిన కాలు ఒకటి నేను దగ్గర్నుంచి చూశాను. ఆ గుర్రం బతికింది కానీ మళ్ళీ ఎవరినీ ఎక్కించుకోలేదు.

మేతలోనూ తేడా ఉంది. ఆవుకు పైదవడ ముందు పళ్ళు ఉండవు, నాలుకతో చుట్టి తెంపుతుంది, అందుకే గడ్డి కొంత ఎత్తు మిగులుతుంది. గుర్రానికి పైనా కిందా ముందు పళ్ళుంటాయి. నేలకు అంటుకున్నట్టు కొరికేస్తుంది. పైగా దాని కడుపు ఒంటితో పోలిస్తే చిన్నది, కొద్దికొద్దిగా రోజంతా నింపుకోవాలి. బయట వదిలితే రోజులో పద్నాలుగు నుంచి పదహారు గంటలు మేతమీదే ఉంటుంది. అంతసేపు నేలంతా వెతికే మూతికి ఏదో ఒకరోజు ప్రతి మొక్కా తగులుతుంది. ఇంకో సంగతి, గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది లోపలే.

ఇక గన్నేరు. మీ తమ్ముడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. పచ్చి ఆకు చేదు, కడుపు నిండిన గుర్రం సాధారణంగా దాన్ని వదిలేస్తుంది. మీ ఆవులు ఇన్నేళ్ళూ బతికింది అందుకే, గన్నేరు వాటికీ విషమే. చిక్కు పచ్చి ఆకుతో కాదు, రాలిన ఆకుతో. ఎండినా విషం పోదు, చేదు మాత్రం తగ్గుతుంది. గాలికి రాలి గడ్డిలో కలిసిన ఆకును గుర్రం ఏరి పక్కన పెట్టదు. నీళ్ళ తొట్టిలో పడి నానినా ప్రమాదమే. పెద్ద గుర్రం ప్రాణం తీయడానికి గుప్పెడు ఆకులు చాలు. అది గుండె మీద పనిచేసే విషం. చాలాసార్లు జబ్బు లక్షణాలు కనబడే లోపే గుర్రం పడిపోతుంది. కాబట్టి "ముట్టదులే" అనే ధైర్యం మీద గుర్రాన్ని వదలకండి. దడి ఉండాలా పోవాలా అన్నది వేరే ప్రశ్న. దడీ గుర్రమూ ఒకే కంచె లోపల ఉండకూడదు, అంతవరకే తేల్చుకోండి.

దానికి దారులు మూడున్నాయి.

వేళ్ళతో సహా తీసేయడం ఒకటి. అన్నిటికంటే నిక్కచ్చి పని ఇదే. కానీ కొట్టేసిన రోజుతో అయిపోదు. మిగిలిన వేరు నుంచి పిలకలు వస్తాయి, నెలల తరబడి చూసి పీకుతుండాలి. కింద పేరుకున్న ఆకు చెత్తను పైమట్టితో సహా ఎత్తేయాలి. నరికిన కొమ్మలను తగలబెట్టొద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఇవన్నీ చేశాక దడి పోతుంది, తమ్ముడు ఒప్పుకోకపోతే దాంతోపాటు తమ్ముడూ దూరమవుతాడు. ఉమ్మడి నేల కాబట్టి అతన్ని అడగకుండా చేసే హక్కు మీకు ఉందో లేదో కూడా నాకు అనుమానమే.

రెండోది, దడిని ఉంచి దానికి లోపలగా ఇంకో కంచె వేయడం. మెడ చాచితే గుర్రం ఐదారు అడుగులు సులువుగా అందుకుంటుంది, కాబట్టి రెండు మూడు గజాల ఎడం సరిపోదు. రాలిన ఆకు ఎగిరిపడే దూరం కూడా కలుపుకోవాలి. కొమ్మలను ఏటా కురచగా కత్తిరించాలి, కత్తిరించిన ప్రతి ముక్కనూ ఏరాలి. గాలి వీచిన మర్నాడు కంచె వెంట నడిచి చూడాలి. ఇది బతికున్నంత కాలం చేసే పని. ఒక్క వారం మరిచిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. మనస్ఫూర్తిగా చేస్తాననుకుంటేనే ఈ దారి.

మూడోది నాకు నచ్చింది. బీడును అడ్డంగా రెండు చేయండి. దడి ఉన్న సగంలోకి గుర్రం ఎప్పటికీ రాదు. ఇంటి వైపు ముప్పావు ఎకరం దానిది. దడికీ దానికీ మధ్య సగం బీడు ఉంటుంది కాబట్టి ఆకు గోల దాదాపు తీరుతుంది. తమ్ముడితో ఇవాళే యుద్ధం అక్కర్లేదు. నష్టం ఏమిటంటే ముప్పావు ఎకరం గడ్డి ఒక్క గుర్రానికి ఏడాదంతా చాలదు. వానలు, నేల సారం బట్టి ఒక గుర్రానికి ఎకరం నుంచి రెండెకరాలు అని లెక్క వేస్తారు. తగ్గినదాన్ని ఎండుగడ్డితో పూడ్చాలి. గుర్రానికి రోజూ ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ళ ఎండు మేత కావాలి. నాలుగు వందల కిలోల గుర్రానికి ఆరు నుంచి ఎనిమిది కిలోలు. ఏడాది ఖర్చు ఈ లెక్కతో వేసుకుని మీవారి ముందు పెట్టండి.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు గుర్రం పేరు ఎత్తకుండా మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. ఫోన్‌లో మీరు "దడి తీసేద్దామా" అన్నారు. అతని చెవికి "నాన్న గుర్తు తీసేద్దామా" అని వినపడింది. రెండేళ్ళ దుఃఖం మీద కోపం తొడుక్కుని మాట్లాడాడు. అతను దూరంగా ఉంటాడు కాబట్టి నాన్నగారిది చేత్తో పట్టుకోదగింది అతని దగ్గర ఏమీ లేదేమో కూడా. గన్నేరు కొమ్మ నాటితే తేలిగ్గా వేరు పట్టే మొక్క. ఆ దడి నుంచి నాలుగు కొమ్మలు వేళ్ళు పట్టించి, పశువులూ చిన్నపిల్లలూ అందుకోని చోట నాటుకోమని ఇచ్చి చూడండి. దడి తీయడానికి ఒప్పుకోవాలని షరతు పెట్టి ఇవ్వొద్దు. అప్పటికీ వద్దంటే మూడో దారి ఎటూ ఉంది.

బంధువు చెప్పిన తాడు సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. వద్దు. తాడుకు అలవాటు లేని గుర్రం కాలు చుట్టుకుంటే గిట్ట పైన మడమ దగ్గర తోలు ఒలిచేసినట్టు కోసుకుపోతుంది. నా మొదటి గుర్రాన్ని నేనే అలా కట్టాను, మచ్చ చివరిదాకా ఉంది.

కంచె దగ్గర మాత్రం తొందరపడొద్దు, మీ డబ్బులో పెద్ద వంతు ఇక్కడే పోవాలి. గుర్రం కంటికి కనబడేదిగా, గుద్దుకున్నా కోయనిదిగా ఉండాలి. నాలుగు నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తు, మధ్యలో రెండు మూడు అడ్డ వరుసలు. గుండ్రని కర్ర లేదా పైపు అడ్డాలు అన్నిటికంటే మంచివి, ఖర్చూ ఎక్కువే. దానికి తక్కువలో అయ్యేది వెడల్పాటి తెల్ల టేపు కరెంటు కంచె, అంటే ఇంటి కరెంటు నేరుగా ఇచ్చేది కాదు, చిన్న షాక్ మాత్రమే కొట్టే యంత్రంతో నడిచేది. ఉన్న ముళ్ళ తీగను వెంటనే పీకలేకపోతే దానికి నాలుగైదు అడుగులు లోపలగా ఈ టేపు కట్టొచ్చు. అలాచేస్తే రెండు గుర్తుపెట్టుకోండి. కరెంటు లేనప్పుడు అది ఒట్టి రిబ్బను. కలుపు పెరిగి టేపుకు తగిలినా షాక్ తగ్గిపోతుంది, కాబట్టి రోజూ చూడాలి. ఇక ముళ్ళ తీగకు కరెంటు ఇవ్వడం అనే ఆలోచన ఎవరు చెప్పినా వినొద్దు. వీలు పడ్డప్పుడల్లా ముళ్ళ తీగను కొంత కొంత తీసేస్తూ పోండి. గిట్ట దూరేంత కన్నాలున్న జాలీ కూడా వద్దు, కాలు ఇరుక్కుంటుంది. మూలలు ఇరుగ్గా ఉండకుండా గుండ్రంగా తిప్పండి. రేపు పక్కన ఇంకో గుర్రం వస్తే ఒకదాన్ని ఒకటి మూలకు తోసుకోవు. ఇనుప గుంజల మొనలు బయట పెట్టొద్దు, తల మీద టోపీలు దొరుకుతాయి. గేటు పది పన్నెండు అడుగుల వెడల్పు ఉంటే బండి వస్తుంది, గుర్రం తొడ రాసుకోదు.

కంచె పని జరుగుతుండగా బీడంతా కాలినడకన తిరగండి. మీ అమ్మాయిని తోడు తీసుకెళ్ళండి, ఆమె గుర్రం కోసం చేసే మొదటి పని ఇదే అవ్వాలి. ఇద్దరూ నాలుగడుగుల ఎడంలో నడుస్తూ నేల చూడాలి. పాత మేకులు, గాజు పెంకులు, తీగ ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, గడ్డి మోపులు కట్టిన దారాలు, అన్నీ ఏరాలి. కలుగులు కనబడితే మట్టి దిమ్మిస వేసి పూడ్చండి. పరుగులో కాలు దిగితే ఎముక విరుగుతుంది. వాడని బావి, బోరు గొయ్యి ఉంటే మూత పెట్టి సరిపెట్టొద్దు, చుట్టూ కంచె వేయండి. మొక్కల్లో ఆముదం ఉంటే పూర్తిగా తీసేయండి, దాని గింజల విషాన్ని గుర్రం అస్సలు తట్టుకోలేదు. ఉమ్మెత్త, గురివింద, పచ్చ గన్నేరు, లాంటానా కూడా పోవాలి. ఎండిన కాయలు గిలక్కాయల్లా మోగే జనుము జాతి మొక్కలు నెమ్మదిగా కాలేయాన్ని తినేస్తాయి. జబ్బు బయటపడే సరికి నెలలు గడిచి ఉంటాయి. మందు కొడితే కలుపు చచ్చి వాడిపోయేటప్పుడే గుర్రానికి రుచిగా తగులుతుంది. కాబట్టి పీకినదైనా మందు కొట్టినదైనా నేల మీద ఉండగా గుర్రాన్ని లోపలికి రానివ్వద్దు.

కొత్త గడ్డి వేయాలా అని కూడా అడిగారు. ఇప్పుడున్నది గరికే అయితే మార్చకండి, గుర్రానికి అది మంచి మేత. ఆవులకు బాగుందని గినీ, బఫెల్, సెటారియా లాంటివి మాత్రం గుర్రం బీడంతా వేయకండి. వాటిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియంను పట్టేసుకుంటాయి. ఆవు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరగ్గొడతాయి, గుర్రానికి ఆ వసతి లేదు. నెలల తరబడి అవే తింటే ఒంటికి కావాల్సిన కాల్షియం ఎముకల్లోంచి పోతుంది, మొహం ఎముక ఉబ్బుతుంది, కుంటుతుంది. జొన్న చేలోకీ వదలొద్దు. లేత జొన్నలో సైనైడు ఉంటుంది. జొన్న జాతి మేత కొన్నాళ్ళు తింటే గుర్రాల్లో మూత్రాశయం, వెనక కాళ్ళ నరాలు దెబ్బతినే జబ్బు కూడా వస్తుంది.

స్వారీ బడిలో మీ గుర్రం ఎండుగడ్డి, దాణా మీద బతికి ఉంటుంది. దాన్ని తెచ్చి పచ్చని బీడులో వదిలి మనం సంతోషిస్తాం, దాని పేగులు తట్టుకోలేవు. మొదటి రోజు అరగంట చాలు, అదీ ముందు ఎండుగడ్డి పెట్టాక. రోజూ కొంత పెంచుకుంటూ రెండు మూడు వారాలకు పూర్తి మేతకు రండి. లావు గుర్రమైతే ఇంకా జాగ్రత్త. తియ్యటి పచ్చిక అతిగా మేస్తే గిట్టల లోపల వాచే లామినైటిస్ అనే జబ్బు వస్తుంది, నిలబడటమే నరకమవుతుంది. ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టే గుర్రానికీ గడ్డి తక్కువ అందేలా చిక్కాలు ఉన్నాయి. కోసిన లాన్ గడ్డి కుప్పలు ఎవరైనా ప్రేమగా తెచ్చి పోస్తామంటే వద్దని చెప్పండి, వేడెక్కి పులుస్తుంది, కడుపునొప్పి తెస్తుంది. నేల కాలితో గీరడం, డొక్క వైపు పదే పదే తిరిగి చూడటం, పొర్లడం, లద్దె వేయకపోవడం కనబడితే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడిని పిలవండి.

మీ రెండు ఆవులు అక్కడే ఉండటం ఒక రకంగా మేలు. గుర్రం మంద జంతువు, ఒంటరిగా ఉంటే కంచె వెంట అటూ ఇటూ తిరిగి చిక్కిపోతుంది. కంచె అవతల ఆవు కనబడినా కొంత ఊరట. గుర్రం పేగు పురుగులు చాలావరకు ఆవులో బతకవు కాబట్టి వంతులవారీగా మేపితే పురుగూ తగ్గుతుంది. ఒక్కటే ప్రమాదం, ఆవుల దాణా. కొన్ని పశువుల దాణాల్లో, కోళ్ళ దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకు అది మేలు చేస్తుంది, గుర్రానికి కొద్దిగా తగిలినా గుండె కండ దెబ్బతింటుంది. సంచి మీది పట్టీ చదవండి. దాణా గది తలుపుకు గుర్రం మూతితో తీయలేని గడియ పెట్టండి. వాటి తెలివి మీద నాకు చాలా గౌరవం ఉంది.

లద్దె వారానికి రెండుసార్లయినా ఎత్తేయండి. లద్దె వేసిన చోట గుర్రం మేయదు, ఎత్తకపోతే సగం బీడు పనికిరాకుండా పోతుంది, పురుగుల పిల్లలూ అక్కడి నుంచే గడ్డి ఎక్కుతాయి. గడ్డి మూడంగుళాలకు దిగితే గుర్రాన్ని తప్పించి, ఆరేడు అంగుళాలు పెరిగాక మళ్ళీ వదలండి. తప్పించినప్పుడు ఎక్కడ ఉండాలి అంటారా? షెడ్డు ముందు కొంత నేల గడ్డి లేకుండా వదిలేయండి, వానాకాలంలో కూడా అదే దాని వాకిలి. అక్కడి నేల ఇసుకైతే ఎండుగడ్డి నేల మీద కాకుండా తొట్టిలో పెట్టండి. గడ్డితో పాటు ఇసుక పోయి పేగులో పేరుకుంటుంది. పన్నెండు అడుగుల చదరం, మూడు వైపులా గోడ, ఒక వైపు తెరిచిన షెడ్డు ఒక గుర్రానికి సరిపోతుంది. నీళ్ళు రోజుకు పాతిక నుంచి నలభై ఐదు లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ తాగుతుంది.

ఇప్పుడు గడువు. ఐదు వారాలకు రెండు రకాలుగా సర్దుకోవచ్చు. స్వారీ బడి వాళ్ళను మరో నెల ఉంచమని అడగొచ్చు. దాని పోషణ ఖర్చు ఇవ్వాల్సి వస్తుంది, అమ్మాయి మొహం ముడుచుకుంటుంది, మీకు మాత్రం ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. లేదంటే అనుకున్న రోజుకే తెచ్చి, షెడ్డూ దాని ముందున్న వాకిలీ మాత్రమే మంచి కంచెతో సిద్ధం చేసి, ఎండుగడ్డి మీద ఉంచొచ్చు. ఎటూ మొదటి వారాల్లో పచ్చిక అరగంటే కాబట్టి గుర్రానికి లోటు లేదు. అరగంట మేపడానికి అమ్మాయి పగ్గం పట్టుకుని ఇంటి వైపు గడ్డిలో నిలబడుతుంది. ముప్పావు ఎకరం కంచె ఈలోపు పూర్తవుతుంది. దీనిలో కష్టం ఏమిటంటే రోజూ నడిపించడం, మేపడం, ఎత్తిపోయడం మనిషి పని. అమ్మాయికి పరీక్షలొస్తే అది మీ మీద పడుతుంది. మీ ఇంటి సంగతి మీకే తెలుసు. నన్నడిగితే రెండో దానికే మొగ్గుతాను, గుర్రం కళ్ళెదుట ఉంటే మీవారు కూడా కంచె పని తొందరగా పూర్తి చేస్తారు.

బీడులోకి తొలిసారి వదిలే రోజు పగటిపూట పెట్టుకోండి. ముందు పగ్గంతో కంచె పొడవునా రెండు చుట్లు నడిపించి హద్దు చూపించండి. నీళ్ళ తొట్టి చూపించండి. వదిలాక తలకట్టు, అంటే పగ్గం తగిలించే తల పట్టీ, తీసేయండి, గుంజకు తగులుకుంటే మెడ విరిగే ప్రమాదం. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది, ఆ టీకా వేశారో లేదో స్వారీ బడి వాళ్ళ దగ్గర కాగితం అడిగి తీసుకోండి. తమ్ముడికి ఫోన్ చేసేది మాత్రం కంచె మొదలుపెట్టక ముందే.